సంఘాలు వేరైనా పని ఒక్కటే: పాలమూరు, నల్గొండ విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కల్వకుర్తి, దేవరకొండ, అచ్చంపేట వైపు యవనస్తుల కూడికల్లో, స్త్రీల సమాజాల్లో, పాస్టర్స్ ఫెలోషిప్ అయిపోయాక టీ తాగే దగ్గర మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలివి. జవాబులు ఏ ఒక్క శాఖ తరఫునా రాసినవి కావు. రాసింది పాస్టర్ కూడా కాదు, ఒక సంఘ పెద్ద. అందుకని ఇందులో వేదాంతం కాస్త తక్కువ, లెక్కలూ కుర్చీలూ కాస్త ఎక్కువ.

ప్రభువు ఒక్కడే, బైబిల్ ఒక్కటే. మరి మా మండలంలో ఇన్ని సంఘాలెందుకు?

సగం జవాబు మ్యాపులో ఉంది. నిజాం కాలంలో వచ్చిన మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఇంకొకరు పోకూడదని హద్దులు వేసుకున్నాయి. మెదక్ వైపు బ్రిటిష్ మెథడిస్టులు, డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, నల్గొండ వైపు బాప్టిస్టులు, పాలమూరులో చాలా భాగం మెన్నోనైట్ బ్రదరన్. నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లల్లో ఇవాళ కనిపించే పాత ఎం.బి. చర్చిల మూలం అక్కడే ఉంది. మహబూబ్‌నగర్‌లో ముందు పని మొదలుపెట్టింది అమెరికన్ బాప్టిస్టులు. 1937లో ఆ కేంద్రాన్ని ఎం.బి. వాళ్లకు అప్పగించారు. రెండు శాఖలూ ముంచి బాప్తిస్మం ఇచ్చేవే, కాబట్టి విశ్వాసికి పెద్దగా మారిందేమీ లేదు. శాఖ పేరు మాత్రం మారింది.

కాబట్టి "మేం ఫలానా శాఖ" అని గట్టిగా చెప్పుకునే ముందు ఒక్క సంగతి ఆలోచించండి. మీ తాతగారు మెదక్‌లో పుట్టి ఉంటే మెథడిస్టు అయ్యేవారు. నల్గొండలో పుట్టారు గనుక బాప్టిస్టు అయ్యారు. ఇది ఒప్పుకున్న దగ్గర గొంతులు కాస్త తగ్గుతాయి.

తక్కిన సగం జవాబు తర్వాత వచ్చింది. కాథలిక్కులకు 1976లో నల్గొండ కేంద్రంగా మేత్రాసనం ఏర్పడింది. పెంతెకొస్తు సంఘాలు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాలు ఊరూరా పెరిగాయి. కొన్ని సిద్ధాంతం మీద విడిపోయాయి, కొన్ని ట్రెజరర్ పదవి మీద విడిపోయాయి. ఏవి ఎక్కువో మీ మండలం సంగతి మీకే బాగా తెలుసు.

ఐక్యత అంటే అన్నీ కలిసి ఒక్క సంఘం అయిపోవాలా?

అక్కర్లేదు. అయితే అలా అయిన ఉదాహరణ కూడా మన దక్షిణాదిలోనే ఉంది. చీలికలు మన సాక్ష్యాన్ని బలహీనం చేస్తున్నాయని 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో కొందరు సంఘ నాయకులు ఒక ప్రకటన చేశారు. వాళ్లలో ముందున్నవారు డోర్నకల్ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా 1912లో అభిషేకం పొందినవారు ఆయన. ఆ తర్వాత చర్చలు 28 ఏళ్లు నడిచాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే 1908లో కలిసిపోయిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అన్నీ ఒకటై 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)గా ఏర్పడ్డాయి. అజరయ్య గారు అది చూడలేదు, 1945 జనవరి 1న కన్నుమూశారు.

అన్నేళ్లు ఎందుకు పట్టింది? పెద్ద చిక్కు ఒక్కటే: బిషప్ తలమీద చేతులుంచని పాస్టర్ అసలు పాస్టరేనా? చివరికి దొరికిన దారి నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. అప్పటికే సేవలో ఉన్నవాళ్లందరినీ ఉన్నట్టే అంగీకరించారు, ఎవరికీ మళ్లీ అభిషేకం చేయలేదు. అక్కడి నుంచి జరిగే అభిషేకాలు మాత్రం బిషప్ చేతుల మీదుగా జరగాలన్నారు. బిషప్పులు లేని సంఘాల వాళ్లు బిషప్పులను ఒప్పుకున్నారు, ఆంగ్లికన్లు బిషప్ చేతులుంచని పాస్టర్లను ఒప్పుకున్నారు. ఇద్దరికీ కొంచెం నొప్పి తగిలింది.

తెలుగు ప్రాంతంలో బాప్టిస్టులు, లూథరన్లు, మెన్నోనైట్ బ్రదరన్ ఆ కలయికలో చేరలేదు. చేరనంత మాత్రాన శత్రువులు కాలేదు. మన మండల స్థాయిలో విలీనం గురించి మాట్లాడటం టైం వేస్టు. ఊరి పని కలిసి చేయగలమా అన్నదే అడగాల్సింది. యోహాను 17లో యేసు శిష్యులందరూ ఒకటిగా ఉండాలని ప్రార్థించినప్పుడు కారణం కూడా చెప్పాడు: లోకం నమ్మడానికి. అంటే మన ఐక్యతను చూడాల్సింది బయటివాళ్లు. మన ఫెలోషిప్ మీటింగులు వాళ్లకు కనిపించవు, ఆస్పత్రి వార్డులో మనం చేసే పని కనిపిస్తుంది.

మన ప్రాంతంలో సంఘాలు కలిసి పనిచేసిన చరిత్ర ఉందా?

నల్గొండ మిషన్ మొదలైందే అలా. 1890 ప్రాంతంలో అక్కడ పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా సామ్రాజ్యంలోని, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతపు మెన్నోనైట్ బ్రదరన్ వాళ్లు. వాళ్లను మిషనరీలుగా తీసుకుంది అమెరికన్ బాప్టిస్టు మిషన్. ఒక శాఖ మనుషులు, ఇంకో శాఖ సంస్థ, పని జరిగింది తెలుగు ఊళ్లలో. నల్గొండలో "బాప్టిస్టులు వేరు, ఎం.బి. వేరు" అని వాదించేవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి.

ఆ ఫ్రీసెన్ గారి స్వదేశంలోనే 1920 నాటికి ఆకలి చావులు మొదలయ్యాయి. అమెరికాలో ఒకరితో ఒకరికి అంతగా పొసగని మెన్నోనైట్ వర్గాలు వాళ్లకు తిండి పంపడం కోసం కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. అదే మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ. సిద్ధాంతం మీద కూర్చుని ఉంటే ఆ వర్గాలు ఎప్పటికి కలిసేవో! తిండి పంపాలన్న తొందర వాళ్లను కలిపింది. దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం మన దేశంలో ఎన్నో సంఘాలు కలిసి మొదలుపెట్టిన కాసా అనే సహాయ సంస్థ కూడా అలాంటిదే. పాస్టర్ల చదువు కోసం లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, మెథడిస్టు వాళ్లు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టారు, తర్వాత అది హైదరాబాద్ వచ్చింది.

ఇక పాటల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన మొదలెడితే ఏ శాఖ వాళ్లయినా పుస్తకం చూడకుండా అందుకుంటారు. చాలా పట్టణాల్లో గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను వేర్వేరు సంఘాల పాస్టర్లు పంచుకుని చెబుతారు. ఆ మూడు గంటలు కలిసి కూర్చోగలిగినవాళ్లు ఏప్రిల్ ఎండల్లో కలిసి నీళ్లు పోయలేరా?

సేవక నాయకత్వం అంటే పాస్టర్ గారే చర్చి ఊడవాలా?

ఊడిస్తే తప్పేం లేదు. కానీ ఫొటో కోసం కూడా ఊడవొచ్చు. మార్కు 10లో యాకోబు, యోహాను కుడి ఎడమల కుర్చీలు అడిగారు. మిగతా పదిమందికి కోపం వచ్చింది. వాళ్ల కోపం వినయం వల్ల వచ్చింది కాదు, ఆ కుర్చీల మీద వాళ్లకూ కన్నుంది. అన్యజనుల అధికారులు వాళ్ల మీద పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు అని యేసు చెప్పింది పన్నెండుమందికీ. యోహాను 13లో ఆయన పాదాలు కడిగినవాళ్లలో యూదా కూడా ఉన్నాడు. అది మరిచిపోతాం.

నాయకుడు సేవకుడో కాదో తెలుసుకోవడానికి నేను చూసే చోట్లు మూడు: డబ్బు సంచి, మైకు, ఫ్లెక్సీ. ఉమ్మడి క్రిస్మస్ ఫ్లెక్సీ చూడండి. పైన యేసు ప్రభువు బొమ్మ బొటనవేలంత, కింద అధ్యక్షుడి ఫొటో నిలువెత్తు. ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలన్న దగ్గరే విడిపోయిన ఫెలోషిప్పులు ఉన్నాయంటే నవ్వొస్తుంది గానీ, నిజం.

బస్టాండ్ దగ్గర కొన్ని సంఘాలు కలిసి చలివేంద్రం పెట్టినప్పుడు మొదటి మీటింగ్ మొత్తం బ్యానర్ మీదే గడిచిపోయింది. పాత సంఘం పేరు ముందా, పెద్ద సంఘం పేరు ముందా? చివరికి "చల్లని మంచినీళ్లు" అని మాత్రమే రాయించారు. అసలు పని తర్వాత మొదలైంది. కుండల చుట్టూ చుట్టిన గోనె పట్టా ఎండిపోకుండా తడపాలి. కుండ లోపల పాకుడు పట్టకుండా రోజూ పీచుతో రుద్ది కడగాలి. ట్యాంకర్ రాకపోతే ఫోన్లు చేయాలి. ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ దగ్గర నిలబడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. కుండలు కడిగేది మాత్రం ఒక చిన్న సంఘం పాస్టర్ గారు, పొద్దున ఐదున్నరకు, మొదటి బస్సు రాకముందు. ఆయన ఫెలోషిప్‌లో ఏ పదవిలోనూ లేరు. వచ్చే ఏడాది ఆయన్ను అధ్యక్షుణ్ణి చేద్దామంటే "కుండలెవరు కడుగుతారు?" అన్నారట. అది జోకో, నిజమో నాకు తెలియదు.

అపొస్తలుల కార్యములు 6 ఈ విషయంలో చాలా ఉపయోగపడుతుంది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగ్గా అందడం లేదని గొణుగుడు మొదలైంది. అపొస్తలులు "మాకే ఎదురు చెబుతారా" అనలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఎన్నికైన పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవాళ్ల వైపు మనుషుల చేతికే గరిటె ఇచ్చారు. మన దగ్గర ఫిర్యాదు చేసినవాడికి ఏమిస్తారు? "ఆత్మీయంగా చల్లబడ్డాడు" అన్న పేరు.

పాస్టర్ గారిని లెక్కలు అడగొచ్చా? "అభిషిక్తుని ముట్టకూడదు" అంటారు కదా?

అడగొచ్చు, గౌరవంగా అడగాలి. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు, నిజమే. కానీ అదే అధ్యాయంలో (మొదటి సమూయేలు 24) తాను కోసిన సౌలు అంగీ చెంగు చేతిలో పట్టుకుని, నువ్వు చేస్తున్నది తప్పు అని అందరూ వినేలా చెప్పాడు. ఆ రెండో సగం ప్రసంగాల్లో అంతగా వినిపించదు. యెరూషలేము పేదల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుని దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలని స్పష్టంగా చెప్పాడు. పౌలుకే సాక్షి కావాల్సి వచ్చింది.

మూడు నెలలకోసారి జమాఖర్చు కాగితం నోటీసు బోర్డు మీద పెడితే సగం అనుమానాలు వాటంతట అవే పోతాయి. ఉమ్మడి సేవకు వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ వేర్వేరు సంఘాల వాళ్లు. భార్యాభర్తల సంతకాలు ఇద్దరి సంతకాల కింద లెక్కకు రావు.

మన విశ్వాసులకే చేయలేకపోతున్నాం. బయటివాళ్లకు ఎందుకు?

గలతీయులకు రాసిన పత్రిక 6లో "విశ్వాస గృహమునకు చేరినవారియెడల" అన్న భాగం అందరికీ నోటికి వచ్చు. దాని ముందు "అందరియెడలను" అని ఉంది.

ఇంకొకటి కూడా మన పాలమూరు వాళ్లకు తొందరగా అర్థమయ్యేది. యిర్మీయా 29లో ఒక ఉత్తరం ఉంది. బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసింది. మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణపు క్షేమాన్ని కోరండి, దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అంటాడు ప్రవక్త. బబులోను వాళ్లు విశ్వాసులు కారు, ఈ ప్రజలను కొల్లగొట్టినవాళ్లు. వాళ్ల ఊరి కోసమే ప్రార్థించమంటే, మన సర్కారు దవాఖాన కోసం, మన బడి కోసం, పక్కింటి ముస్లిం పిల్లాడి ఫీజు కోసం మనం అడగాల్సిన ప్రశ్న ఇంకేముంటుంది?

సాయం చేసేటప్పుడు సువార్త చెప్పాలా, వద్దా?

అడిగితే చెప్పండి, దాచుకోవాల్సిన పని లేదు. అడగకపోతే పని చేయండి. బియ్యం సంచిలో కరపత్రం పెట్టొద్దు. మందుల చీటీతో పాటు ఆదివారం ఆహ్వానం ఇవ్వొద్దు. ఆకలితో ఉన్నవాడు "వద్దు" అనే స్థితిలో ఉండడు. "వద్దు" అనలేనివాడి దగ్గర తీసుకున్న "సరే"కు విలువ లేదు. మనవాళ్ల మీద వచ్చే నిందల్లో కొన్ని అన్యాయమైనవే, ఒప్పుకుంటాను. అయితే సంచిలో కరపత్రం పెట్టి, తర్వాత నింద వేశారని బాధపడితే ఎలా?

కురుమూర్తి జాతరకు నడిచి వెళ్లేవాళ్లకు నీళ్లిస్తే విగ్రహారాధనకు సాయం చేసినట్టు కాదా?

నల్గొండ వైపు చెరువుగట్టు జాతర గురించి కూడా ఇదే అడుగుతారు. నీళ్లిచ్చేది దాహానికి. ఆ దాహంతో ఉన్న మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో అడిగి ఇవ్వమని ఎక్కడా లేదు. దేవుడు ఎండా వానా అందరికీ ఒకేలా ఇస్తున్నాడు.

ఇంకో మాట. యోహాను 4లో యేసు నీళ్లు ఇవ్వలేదు, ముందు అడిగాడు. అదీ వేరే జాతి స్త్రీని, వేరే కొండ మీద ఆరాధించేవాళ్లను. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది, తీసుకునేవాడి చెయ్యి కింద. ఆయన కింద చెయ్యి పట్టాడు. మన కన్వెన్షన్ కూటాలకు ట్యాంకర్ పంపేది, పొలం ఖాళీ చేసి ఇచ్చేది చాలాసార్లు హిందువులు, ముస్లింలే. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?

ప్రసాదం తినొచ్చా అన్నది వేరే ప్రశ్న. మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చదువుకుని మీ మనస్సాక్షి ప్రకారం నడుచుకోండి. నీళ్లు పోసే దగ్గర ఆ చర్చ పెట్టకండి. జాతర కమిటీకి, పంచాయతీకి ముందే చెప్పి చోటు అడగండి.

మన జిల్లాల్లో ఉమ్మడిగా చేయదగ్గ పనులేవి?

ఫ్లోరైడ్ బాధితులతో మొదలుపెట్టండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి చాలా బోర్లలో అది ఎన్నో రెట్లు దాటింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. జిల్లాకు అలా పేరు రావడం గర్వపడాల్సిన విషయమో కాదో తెలియదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ముప్పు తగ్గింది. ఒకసారి వంగిన ఎముక మాత్రం తిరిగి నిటారు కాదు. కాబట్టి ఇప్పుడు వాళ్లకు కావాల్సింది నీళ్ల ప్లాంటు కంటే తోడు మనిషి. వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపుకు ఆటోలో తీసుకెళ్లడం, పింఛను ఆగిపోతే మండల ఆఫీసు చుట్టూ తిరగడం, మంచం మీద ఉన్నవాళ్లకు పుండ్లు పడకుండా ఇంట్లోవాళ్లకు నేర్పించడం. ఒక సంఘం ఒక ఊరికి వెళ్లగలదు, ఐదు సంఘాలు కలిస్తే మండలం మొత్తం చూసుకోవచ్చు.

రెండోది వలస. పాలమూరు లేబర్ దేశంలో కట్టని డ్యామ్ లేదంటారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె, బెంగళూరు పోయినవాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. సాయంత్రం చర్చి హాలు ఖాళీగానే ఉంటుంది కదా. లైటు వేసి, చాప పరిచి, డిగ్రీ చదివే యవనస్తులను ఇద్దరిని కూర్చోబెడితే ట్యూషన్ అయిపోతుంది. అందరి పిల్లలనూ రానివ్వండి. అక్కడ సండే స్కూల్ పాటలు వద్దు, లెక్కలు, ఇంగ్లిష్ చాలు.

రక్తదానం అన్నింటికంటే సులువు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. అన్ని సంఘాల యవనస్తుల బ్లడ్ గ్రూపులు ఒకే జాబితాలో ఉంటే రాత్రి పూట కాన్పు కేసు వచ్చినప్పుడు ఎంత టెన్షన్ తగ్గుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

అమ్రాబాద్, మన్ననూరు వైపు చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) పాత బట్టల మూటలు వేసుకుని పోవడం మాత్రం దయచేసి ఆపండి. చిరిగిన చీర ఇచ్చి ఫొటో దిగి రావడం సేవ కాదు. అక్కడ ఏఎన్ఎంను, టీచర్‌ను అడిగి ఏం కావాలో తెలుసుకుని వెళ్లండి. అది టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి కూడా కావాలి.

కులం సంగతి?

ఈ ప్రశ్న చాలామంది గట్టిగా అడగరు, పక్కకు పిలిచి అడుగుతారు. శాఖల మధ్య గోడ కంటే ఇది ఎత్తైన గోడ. మాల విశ్వాసులకు ఒక చర్చి, మాదిగ విశ్వాసులకు ఇంకో చర్చి ఉన్న ఊళ్లు ఉన్నాయి. రెండూ ఒకే శాఖ, ఒకే పాటలు, ఒకే బల్ల (ప్రభువు భోజనం). ఇతర కులాల నుంచి వచ్చిన విశ్వాసులు పట్టణంలో ఆరాధనకు వస్తారు, వాడలో పెళ్లి భోజనానికి మాత్రం "షుగర్ ఉంది" అంటారు. కొరింథులో కూడా బల్ల దగ్గరే చిక్కు వచ్చింది. ఉన్నవాళ్లు ముందే తినేస్తుంటే లేనివాళ్లు ఆకలితో నిలబడ్డారు. అది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు.

ఉమ్మడి ప్రార్థనలు ఎప్పుడూ మెయిన్ రోడ్డు మీది పెద్ద చర్చిలోనే పెడుతున్నారా? ఈసారి వాడలోని చిన్న చర్చిలో పెట్టండి. వంట అక్కడివాళ్లను చేయనివ్వండి. ఎవరు వచ్చారో, ఎవరు తిన్నారో, ఎవరు టీ మాత్రమే తాగి వెళ్లారో చూడండి. మీ ఐక్యత గురించి ఏ సెమినార్ కూడా అంత వివరంగా చెప్పదు.

ఉమ్మడి సేవలో స్త్రీలు నాయకత్వం వహించొచ్చా?

వహిస్తూనే ఉన్నారు, మనం పేరు పెట్టడం లేదంతే. చాలా సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక నడిపేది స్త్రీల సమాజమే. అన్నం వండేముందు తీసి పక్కన పెట్టిన ఆ బియ్యంతోనే సంఘంలో విధవరాండ్ర ఇళ్లు గడిచిన రోజులున్నాయి. మెన్నోనైట్ బ్రదరన్ మిషన్‌లో షంషాబాద్‌లో ఏళ్ల తరబడి వైద్యం చేసింది డాక్టర్ కాథరిన్ షెల్లెన్‌బర్గ్. కృష్ణకు అవతల నంద్యాల అధ్యక్ష మండలానికి 2013లో ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ ఆవిడే. మీ శాఖ స్త్రీలకు అభిషేకం ఇవ్వకపోవచ్చు, అది మీ శాఖ చూసుకుంటుంది. కమిటీలో కోశాధికారిగా ఒక అమ్మగారు ఉండటానికి ఏ సిద్ధాంతం అడ్డు?

కాథలిక్కులతో కలిసి పనిచేయొచ్చా?

పని చేయొచ్చు. సంస్కారాల్లో తేడాలున్నాయి, బల్ల కలిసి తీసుకోవడం ఇంకా కుదరదు. 1964లో రెండో వాటికన్ మహాసభ ఇతర క్రైస్తవులతో సామాజిక సేవలో కలిసి పనిచేయడాన్ని స్వయంగా ప్రోత్సహించింది. జనవరి 18 నుంచి 25 వరకు జరిగే ఐక్యతా ప్రార్థనా వారం రెండు వైపులా పాటించేదే. సిస్టర్లు నడిపే ఆస్పత్రి, హాస్టల్ దగ్గరలో ఉంటే కొత్తగా ఇంకొకటి పెట్టే బదులు అక్కడికి వెళ్లి ఏం సాయం కావాలో అడగండి.

విదేశీ నిధులు తెచ్చుకుంటే పెద్దగా చేయొచ్చు కదా?

ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సంఘం పేరు మీద ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. "పెద్ద సంస్థకు వచ్చింది, మాకు కొంత ఇచ్చారు" అన్న పాత పద్ధతి ఇప్పుడు నేరం. నిజానికి ఈ పేజీలో చెప్పిన పనుల్లో దేనికీ డాలర్లు అక్కర్లేదు.

మా విశ్వాసులు వేరే సంఘానికి వెళ్లిపోతే?

కలిసి పనిచేయడం మొదలెట్టగానే వచ్చే భయం ఇదే. ముందే ఒక మాట అనుకోండి: ఉమ్మడి పనిలో పరిచయమైన కుటుంబాన్ని ఎవరూ తమ సంఘానికి పిలవకూడదు. వాళ్లంతట వాళ్లు వస్తే, పాత పాస్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాకే పేరు రాసుకోవాలి. ఫోన్ చేయడం కష్టంగానే ఉంటుంది, చేయండి.

ఉమ్మడి క్రిస్మస్‌కు ఎమ్మెల్యేను పిలవాలా?

పిలవండి, కింద ముందు వరసలో కూర్చోబెట్టండి. శాలువా కప్పండి. మైకు మాత్రం ఐదు నిమిషాలే ఇవ్వండి. ఎన్నికల ఏడాది అయితే అన్ని పార్టీల వాళ్లనూ పిలవండి, లేదా ఎవరినీ పిలవకండి.

మా సంఘం సమాధుల తోటలో వేరే సంఘం వాళ్లకు చోటు ఇవ్వాలా?

ఈ ప్రశ్న ఎప్పుడూ శవం ఇంట్లో ఉన్నప్పుడే వస్తుంది, అదే దీనితో చిక్కు. కొత్తగా నమ్ముకున్న కుటుంబంలో ఒకరు పోతారు. ఊరి శ్మశానంలో తమ పద్ధతి కాదని పెద్దలు అభ్యంతరం చెబుతారు. పాత మిషన్ సమాధుల తోట తాళం ఒక సంఘం చేతిలో ఉంటుంది. "మీరు మా సభ్యులు కారు" అంటారు. ఎండాకాలం, ఐస్ పెట్టె అద్దె పెరిగిపోతూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు.

చోటు ఉంటే ఇవ్వండి. ఎవరూ చనిపోని రోజున కూర్చుని పద్ధతి రాసుకోండి: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, గుంత తవ్వే కూలి ఎంత, కట్టడం సమాధి కట్టొచ్చా లేదా, కట్టితే ఎంత కొలత. పక్కా సమాధులు కట్టుకుంటూ పోతే పదేళ్లలో తోట నిండిపోతుంది. పాత సమాధి మీద మళ్లీ పెట్టే విషయంలో కుటుంబాల ఒప్పుకోలు కూడా అప్పుడే రాయించుకోండి.

తోట లేని ఊళ్లలో ఒక్కో సంఘం ఒక్కో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసులో అవి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఊళ్లోని అన్ని సంఘాల పెద్దలూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేసి ఇవ్వండి, కాపీ కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామ పంచాయతీ తీర్మానం జత చేయండి. సర్వే నంబరు, విస్తీర్ణం రాయడంతో పాటు అక్కడికి వెళ్లే బాట కూడా రికార్డులో చూపించమని అడగండి. స్థలం దొరికాక బాట లేక, పక్క పొలం రైతును ప్రతిసారీ బతిమాలుకునే ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. హద్దురాళ్లు సర్వేయర్ ఉన్న రోజే పాతించండి, ఖర్చు సంఘాలన్నీ పంచుకోండి.